పాఠ్యపుస్తకం లేని పాఠం: అమెరికాలో నల్లజాతి స్త్రీవాద విద్వత్ సమాజ నిర్మాణం

1970ల తొలి సంవత్సరాల్లో అమెరికా విశ్వవిద్యాలయాల్లో నల్లజాతి స్త్రీల రచనలను పాఠంగా చెప్పదలచిన అధ్యాపకులకు మొట్టమొదట ఎదురైన చిక్కు పుస్తకాలు దొరకకపోవడం. రాసినవాళ్ళు లేక వచ్చిన లోటు కాదది. రాసినవి పునర్ముద్రణకు నోచుకోక అంగళ్ళలోంచి మాయమయ్యాయి, గ్రంథాలయాల్లో మిగిలిన కొద్ది ప్రతుల జాడ చెప్పే సూచికలు లేవు, సాహిత్య చరిత్రకారులు చాలామంది వాటి పేరైనా ఎత్తలేదు. పౌరహక్కుల పోరాటం ఫలితంగా అప్పుడప్పుడే వెలుస్తున్న నల్లజాతి అధ్యయన శాఖల్లో పాఠాలు చాలావరకు పురుషుల చుట్టూ తిరిగేవి. దాదాపు అదే కాలంలో మొదలైన స్త్రీల అధ్యయన శాఖల్లో శ్వేతజాతి మధ్యతరగతి స్త్రీ అనుభవమే స్త్రీలందరి అనుభవంగా చెలామణి అయ్యేది. ఈ రెండు శాఖల నడుమ ఎవరికీ పట్టకుండా పోయిన నల్లజాతి స్త్రీలు తమ గతాన్ని తామే వెతుక్కుని, తమ ఆలోచనకు తామే పేరు పెట్టుకుని, రెండు దశాబ్దాల్లో ఒక విద్వత్ సమాజాన్ని నిలబెట్టుకున్నారు.

విద్వత్ సమాజం అంటే ఒకరి రచనను మరొకరు చదివి, ప్రశ్నించి, ఉటంకించి, పాఠంగా చెప్పి, తర్వాతి తరానికి అందించే మనుషుల సముదాయం. ఆ పని సాగడానికి అవసరమైన పత్రికలు, ప్రచురణ సంస్థలు, సంఘాలు, సదస్సులు, పత్రాగారాలు కూడా అందులో భాగమే. నల్లజాతి స్త్రీవాదం అంటే జాతి, లింగం, వర్గం అనే అణచివేతలు నల్లజాతి స్త్రీ జీవితంలో కలగలిసి పనిచేస్తాయని, అందువల్ల విముక్తి పోరాటం వాటన్నింటినీ ఏకకాలంలో ఎదుర్కోవాలని చెప్పే ఆలోచనాధార. ఈ ధార చరిత్రను కొందరు గొప్ప రచయిత్రుల జీవితకథలుగా చెప్పడం వాడుకలో ఉంది. ఆ రచయిత్రుల వెనుక గ్రంథసూచికలు కూర్చినవాళ్ళు, జిరాక్సు ప్రతులు పంచినవాళ్ళు, ఇళ్ళలోని పాత కాగితాలను పెట్టెలకెత్తినవాళ్ళు పెద్ద సంఖ్యలో ఉన్నారు. వాళ్ళ పని జరగని కాలంలో ఎంత గొప్ప పుస్తకమైనా మరుగున పడింది. జరిగిన కాలంలో మరుగున పడ్డ పుస్తకం సైతం తిరిగి పాఠకుల చేతికి వచ్చింది.

ఒంటరి గొంతుల శతాబ్దం

నల్లజాతి స్త్రీల మేధోచరిత్ర 1970లతో మొదలు కాలేదు. 1830ల ఆరంభంలోనే బోస్టన్‌లో మరియా స్టూవర్ట్ అనే యువతి, స్త్రీలు బహిరంగ వేదిక ఎక్కడమే తప్పుగా భావించే రోజుల్లో, స్త్రీ పురుషులు కలిసి కూర్చున్న సభల్లో బానిసత్వానికి వ్యతిరేకంగా, నల్లజాతి బాలికల చదువు కోసం ప్రసంగించింది. 1858లో ఉత్తర కరోలినాలోని రాలీలో బానిసగా పుట్టిన అన్నా జూలియా కూపర్, విముక్తి తర్వాత ఓబర్లిన్ కళాశాలలో చదివి, 1892లో ‘ఎ వాయిస్ ఫ్రమ్ ది సౌత్’ అనే వ్యాససంపుటిని ప్రచురించింది. జాతి పురోగతిని కొలవాలంటే ఆ జాతి స్త్రీల స్థితిని చూడాలని, నల్లజాతి స్త్రీ ఏకకాలంలో జాతి సమస్యనూ స్త్రీ సమస్యనూ ఎదుర్కొంటున్నదని ఆ పుస్తకంలో ఆమె చేసిన వాదన, తర్వాతి శతాబ్దంలో విస్తరించిన సిద్ధాంతాలకు బీజప్రాయమైనది. వాషింగ్టన్‌లో నల్లజాతి విద్యార్థులకు పేరెన్నికగన్న ఎమ్ స్ట్రీట్ ఉన్నత పాఠశాలకు ఆమె ప్రిన్సిపాల్‌గా పనిచేసింది. 1925లో, ఆరుపదులు దాటిన వయసులో, పారిస్‌లోని సోర్బాన్ నుంచి డాక్టరేట్ పొందింది. 1964లో 105 ఏళ్ళ వయసులో మరణించింది.

ఇంత సుదీర్ఘమైన విద్యాజీవితం గడిపినా కూపర్ పుస్తకం దశాబ్దాల పాటు చదివేవాళ్ళు లేక మూలన పడి ఉంది. 1896లో ఏర్పడిన నల్లజాతి స్త్రీల జాతీయ సంఘం, మేరీ చర్చ్ టెరెల్ తొలి అధ్యక్షతన, ఊరూరా ఉన్న స్త్రీల క్లబ్బులను ఏకం చేసి పాఠశాలలు, శిశువిహారాలు, వృద్ధాశ్రమాలు నడిపింది గానీ, స్త్రీలు రాసిన పుస్తకాలను తరం నుంచి తరానికి పాఠంగా అందించే విద్యాసంస్థ ఏదీ వాళ్ళ చేతిలో లేదు. శ్వేతజాతి విశ్వవిద్యాలయాలు చాలావరకు వాళ్ళను రానివ్వలేదు; నల్లజాతి పండిత సంఘాల్లో పురుషులదే పెత్తనం. అందువల్ల ఒక్కొక్క తరం తమకు ముందు ఎవరూ ఈ మాట అనలేదన్న భావనతో మొదటినుంచి మొదలుపెట్టవలసి వచ్చింది. ముందుతరం శ్రమ వెనుకతరానికి అందకపోవడమే ఆ శతాబ్దంలో జరిగిన అసలు నష్టం.

సమాధి వెతుకులాట, పునర్ముద్రణ

ఆ నష్టాన్ని పూడ్చే పని 1970 నుంచి ఊపందుకుంది. ఆ ఏడాది టోనీ కేడ్, తర్వాతి కాలంలో టోనీ కేడ్ బంబారాగా ప్రసిద్ధి చెందిన రచయిత్రి, ‘ది బ్లాక్ వుమన్’ అనే సంకలనాన్ని తెచ్చింది; కవితలు, కథలు, వ్యాసాలు కలిసిన ఆ పుస్తకం నల్లజాతి స్త్రీలు తమలో తాము మాట్లాడుకున్న మాటను అచ్చులోకి తెచ్చిన తొలి ప్రయత్నాల్లో ఒకటి. 1972లో ఆలిస్ వాకర్ మసాచుసెట్స్‌లోని వెల్స్లీ కళాశాలలో నల్లజాతి రచయిత్రులపై ఒక కోర్సు చెప్పింది. ఆ తరహా కోర్సుల్లో అది దేశంలోనే మొదటివాటిలో ఒకటి. పాఠం చెప్పడానికి కూర్చున్నప్పుడే జోరా నీల్ హర్‌స్టన్ వంటి రచయిత్రి పుస్తకాలు అంగడిలో లేవన్న నిజం ఎంత తీవ్రమైనదో తెలిసివచ్చింది.

హర్‌స్టన్ 1920, 30లలో న్యూయార్క్‌లో వెల్లివిరిసిన హార్లెం సాహిత్యోద్యమంలో ప్రముఖురాలు, మానవశాస్త్రంలో శిక్షణ పొంది దక్షిణాది నల్లవారి జానపద కథలను సేకరించిన పరిశోధకురాలు, 1937లో వెలువడిన ‘దెయిర్ ఐస్ వర్ వాచింగ్ గాడ్’ నవలాకర్త్రి. ఆమె 1960లో ఫ్లోరిడాలో పేదరికంలో చనిపోతే సమాధి మీద పేరు చెక్కిన రాయి కూడా లేకపోయింది. 1973 ఆగస్టులో వాకర్, ఒక సహపరిశోధకురాలితో కలిసి, ఫోర్ట్ పియర్స్ పట్టణంలోని ఆ శ్మశానాన్ని వెతుక్కుంటూ వెళ్ళింది. స్థానికుల నుంచి సమాచారం రాబట్టడానికి తాను హర్‌స్టన్‌కు మేనకోడలినని చెప్పుకుంది. నడుము లోతు కలుపు మొక్కల మధ్య నేల కుంగి ఉన్న ఒక చోటును సమాధిగా అంచనా వేసి, తన స్తోమతకు మించిన నల్లరాయిని వదులుకుని, సాదా బూడిదరంగు రాయిని ఎంచుకుని పేరు చెక్కించింది. ఆ రాతిపై పుట్టిన సంవత్సరం 1901 అని ఉంటుంది. హర్‌స్టన్ పుట్టింది 1891లో అని తర్వాతి పరిశోధనలో తేలింది. పేరున్న రచయిత్రి పుట్టిన ఏడు కూడా నిర్ధారణ కాని దశలో నల్లజాతి స్త్రీల సాహిత్య అధ్యయనం ఉందనడానికి ఆ రాయే సాక్ష్యం.

ఈ అన్వేషణపై వాకర్ రాసిన వ్యాసం 1975లో ‘మిజ్’ పత్రికలో అచ్చయింది. అప్పటికే హర్‌స్టన్ నవల జిరాక్సు ప్రతుల రూపంలో అధ్యాపకుల మధ్య చేతులు మారుతూ ఉంది. అదే ఏడాది డిసెంబరులో జరిగిన ఆధునిక భాషా సంఘం మహాసభలో, అంటే సాహిత్యాధ్యాపకుల అతిపెద్ద వార్షిక సమావేశంలో, ఆ నవలను మళ్ళీ ముద్రించాలని కోరుతూ సంతకాల సేకరణ జరిగింది. 1978లో ఇల్లినాయ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం దాన్ని పునర్ముద్రించింది. 1979లో వాకర్ సంపాదకత్వంలో హర్‌స్టన్ రచనల సంకలనాన్ని న్యూయార్క్‌లోని ఫెమినిస్ట్ ప్రెస్ తెచ్చింది. ఈ వరుసలో కోర్సు పుస్తకాన్ని అడిగింది, పుస్తకం కోసం సంతకాలు కదిలాయి, సంతకాలు ముద్రణకు దారితీశాయి, ముద్రణతో కొత్త కోర్సులు పుట్టాయి. తర్వాతి దశాబ్దంలో జరిగిన పనులన్నింటికీ ఇదే నమూనా అయింది.

కంబాహీ నుంచి కిచెన్ టేబుల్ దాకా

సాహిత్యంలో ఈ వెతుకులాట సాగుతున్న రోజుల్లోనే రాజకీయ కార్యాచరణలోంచి మరో పాయ వచ్చి కలిసింది. 1973లో న్యూయార్క్‌లో జాతీయ నల్లజాతి స్త్రీవాద సంస్థ ఏర్పడింది. 1974లో బోస్టన్‌లో దానికి శాఖగా మొదలై, కొద్దికాలానికే స్వతంత్రంగా విడివడిన బృందం కంబాహీ రివర్ కలెక్టివ్. దక్షిణ కరోలినాలోని కంబాహీ నది మీద 1863 జూన్ 2న బానిస విమోచన పోరాటయోధురాలు హారియెట్ టబ్‌మన్ ముందు నడిచిన సైనిక దాడిలో ఏడువందల మందికి పైగా బానిసలు విముక్తులయ్యారు; ఆ ఘటన పేరునే బృందం తన పేరుగా పెట్టుకుంది. బార్బరా స్మిత్, ఆమె కవల సోదరి బెవర్లీ స్మిత్, డెమిటా ఫ్రేజియర్ కలిసి 1977 ఏప్రిల్‌లో పూర్తిచేసిన కంబాహీ ప్రకటన, అణచివేత వ్యవస్థలు ఒకదానితో ఒకటి అల్లుకుని ఉన్నాయన్న అవగాహనను స్పష్టమైన రాజకీయ సూత్రంగా నిలబెట్టింది. ‘అస్తిత్వ రాజకీయాలు’ అనే పదబంధాన్ని, అంటే తమ అణచివేత అనుభవం నుంచే తమ రాజకీయాన్ని నిర్మించుకోవడమనే భావాన్ని, అచ్చులోకి తెచ్చిన తొలి పత్రాల్లో అదొకటి.

ఆ ప్రకటనకున్నంత ప్రసిద్ధి ఆ బృందం నడిపిన సమావేశాలకు దక్కలేదు గానీ, విద్వత్ సమాజం దృష్ట్యా ఆ సమావేశాల విలువ తక్కువది కాదు. 1977 జులైలో మసాచుసెట్స్‌లోని సౌత్ హాడ్లీలో మొదటిది జరిగింది. తర్వాతి రెండు మూడేళ్ళలో ఇలాంటివి మొత్తం ఏడు జరిగాయి. హాజరయ్యేవాళ్ళు తాము రాసినవి గానీ తాము చదివి ముఖ్యమనుకున్నవి గానీ ప్రతులు తీసి వెంట తేవాలని నిర్వాహకులు ముందే కోరారు. ఊళ్ళు వేరై, ఉద్యోగాలు వేరై, తమ శాఖలో తామొక్కరే నల్లజాతి స్త్రీగా పనిచేస్తున్నవాళ్ళు అక్కడ ఒకరి కాగితాలను మరొకరు చదివారు, వాదించుకున్నారు, ఉమ్మడి ప్రచురణల గురించి ఆలోచించారు. కవయిత్రి ఆడ్రీ లార్డ్ వీటిలో పాల్గొన్నది. 1977లోనే బార్బరా స్మిత్ నల్లజాతి స్త్రీవాద విమర్శకు పునాది వేసిన వ్యాసాన్ని ‘కండిషన్స్’ అనే చిన్నపత్రికలో ప్రచురించింది. 1979లో అదే పత్రిక లొరెయిన్ బెథెల్, బార్బరా స్మిత్ సంపాదకత్వంలో నల్లజాతి స్త్రీల ప్రత్యేక సంచికను తెచ్చింది.

1982లో గ్లోరియా హల్, పట్రీషియా బెల్ స్కాట్, బార్బరా స్మిత్ సంపాదకత్వంలో ఫెమినిస్ట్ ప్రెస్ ప్రచురించిన సంకలనం ఈ దశకు శిఖరం. స్త్రీలంటే తెల్లవాళ్ళే, నల్లవాళ్ళంటే పురుషులే అనుకునే లోకంలో మాలో కొందరం ధైర్యవంతులం అనే అర్థం వచ్చే పొడవాటి శీర్షిక గల ఆ పుస్తకాన్ని ‘సమ్ ఆఫ్ అజ్ ఆర్ బ్రేవ్’ అన్న పొట్టిపేరుతో పిలుస్తారు. అందులో వ్యాసాలతో పాటు సగటు పాఠకులు పుటలు తిప్పేసి వెళ్ళిపోయే భాగాలు కూడా ఉన్నాయి: విషయాల వారీగా విపులమైన గ్రంథసూచికలు, దేశంలోని వేర్వేరు కళాశాలల్లో నల్లజాతి స్త్రీలపై నడుస్తున్న కోర్సుల పాఠ్యప్రణాళికలు. కొత్త అధ్యాపకురాలు ఆ పుటలు తెరిస్తే ఏ వారం ఏ పుస్తకం చెప్పాలో, ఏ పుస్తకం ఏ కాలానిదో తెలిసేది. శాఖాధిపతి ముందు ఇలాంటి కోర్సు ఇప్పటికే ఫలానా చోట నడుస్తున్నదని చూపించగలిగేది. ఒక అధ్యయన రంగం కాగితం మీద రంగంగా రూపం కట్టింది ఆ పుటల్లోనే అనడం అతిశయోక్తి కాదు.

ప్రచురణ ఇతరుల దయ మీద ఆధారపడినంతకాలం ఏ పుస్తకమైనా ఎప్పుడైనా ఆగిపోవచ్చునన్న ఎరుకతో, ఆడ్రీ లార్డ్ ప్రోద్బలంతో, బార్బరా స్మిత్ మరికొందరు మిత్రులతో కలిసి 1980లో ‘కిచెన్ టేబుల్: విమెన్ ఆఫ్ కలర్ ప్రెస్’ను స్థాపించింది. స్త్రీలు కూర్చుని పనిచేసుకుంటూ మాట్లాడుకునే చోటు వంటింటి బల్ల గనుక, పెట్టుబడి లేని సామాన్య స్త్రీలు నడిపే సంస్థ గనుక ఆ పేరు పెట్టారు. 1983లో ఈ సంస్థ ‘హోమ్ గర్ల్స్’ అనే నల్లజాతి స్త్రీవాద సంకలనాన్ని ప్రచురించింది. అదే ఏడాది, మొదటి ప్రచురణకర్త మూతపడటంతో ఆగిపోయే ప్రమాదంలో పడిన ‘దిస్ బ్రిడ్జ్ కాల్డ్ మై బ్యాక్’ సంకలనానికి రెండో ముద్రణ తెచ్చి నిలబెట్టింది. ఆ పుస్తకం ఈనాటికీ పాఠ్యగ్రంథం. కిచెన్ టేబుల్ ప్రెస్ మాత్రం జీతాలు లేని శ్రమ మీద నడిచి, 1992లో లార్డ్ మరణం తర్వాత ఎక్కువకాలం నిలవలేదు.

ఇళ్ళలోని పెట్టెలు, చరిత్రకారిణుల చేతులు

సాహిత్యానికి అచ్చయిన పుస్తకాలైనా ఉన్నాయి. చరిత్ర రాయడానికి ఆధారపత్రాలు కావాలి, అవి ప్రభుత్వ పత్రాగారాల్లో అంతగా లేవు. 1978లో షారన్ హార్లీ, రోజలిన్ టెర్బోర్గ్-పెన్ సంపాదకత్వంలో ఆఫ్రో-అమెరికన్ స్త్రీల చరిత్రపై వ్యాససంపుటి వచ్చింది. 1979లో టెర్బోర్గ్-పెన్, ఎలినార్ స్మిత్, ఎలిజబెత్ పార్కర్ కలిసి నల్లజాతి స్త్రీ చరిత్రకారుల సంఘాన్ని ఏర్పాటు చేశారు. పరిశోధకులకు ఒకరి పని ఒకరికి తెలియజేయడం, ఉద్యోగాల్లోనూ పదోన్నతుల్లోనూ అండగా నిలవడం ఆ సంఘం చేపట్టిన పనులు.

పత్రాల కొరతను తీర్చిన మార్గం మాత్రం విశ్వవిద్యాలయం బయటినుంచి వచ్చింది. 1980లో ఇండియానాపోలిస్‌లో బడిపంతులమ్మగా పనిచేస్తూ, నల్లజాతి స్త్రీల జాతీయ మండలి స్థానిక శాఖకు అధ్యక్షురాలిగా ఉన్న షర్లీ హెర్డ్, పర్డ్యూ విశ్వవిద్యాలయంలో ఉన్న యువ చరిత్రకారిణి డార్లీన్ క్లార్క్ హైన్‌కు ఫోన్ చేసి, ఇండియానా రాష్ట్ర నల్లజాతి స్త్రీల చరిత్ర రాసిపెట్టమని కోరింది. అది తాను పరిశోధించిన విషయం కాదని హైన్ మొదట నిరాకరించింది. హెర్డ్ పట్టు విడవలేదు. సంఘ సభ్యులు ఇంటింటా తిరిగి సేకరించిన ఉత్తరాలు, క్లబ్బుల మినిట్స్ పుస్తకాలు, ఛాయాచిత్రాలు, చర్చి పత్రాలు పెట్టెల కొద్దీ తెచ్చి హైన్ ముందు పెట్టింది. వాటిని చూశాక కాదనడం హైన్‌కు సాధ్యం కాలేదు. 1981లో ఆ చరిత్ర పుస్తకంగా వచ్చింది. దాని కొనసాగింపుగా ఇండియానా, ఇల్లినాయ్ రాష్ట్రాల్లోని సామాన్య స్త్రీల ఇళ్ళనుంచి పత్రాలు సేకరించి పత్రాగారాల్లో భద్రపరిచే పెద్ద పథకం నడిచింది.

ఆ పత్రాలు కేవలం సమాచారాన్ని ఇచ్చి ఊరుకోలేదు. లైంగిక హింస నుంచి తప్పించుకోవడానికి దక్షిణాది వదిలి మధ్య పశ్చిమ రాష్ట్రాలకు వలస వచ్చిన నల్లజాతి స్త్రీలు, పైకి కలివిడిగా కనిపిస్తూనే తమ అంతరంగాన్ని, తమ గాయాలను పరాయివాళ్ళకు చిక్కకుండా దాచుకునే జీవనరీతిని పెంపొందించుకున్నారని హైన్ 1989లో ఒక వ్యాసంలో వివరించింది. ‘గోప్యతా సంస్కృతి’ అనదగిన ఈ భావన తర్వాతి పరిశోధకులందరికీ అవసరమైన పనిముట్టు అయింది. ఎవరి మౌనాన్ని ఆ సిద్ధాంతం వివరించిందో ఆ స్త్రీల కూతుళ్ళు, మనవరాళ్ళు పెట్టెలు తెరిచి ఇవ్వడం వల్లనే అది పుట్టింది. 1993లో హైన్, ఎల్సా బార్క్‌లీ బ్రౌన్, టెర్బోర్గ్-పెన్ సంపాదకత్వంలో అమెరికా నల్లజాతి స్త్రీల విజ్ఞానసర్వస్వం రెండు సంపుటాలుగా వెలువడింది. వందలాది మంది రచయితలు పాలుపంచుకున్న అంత పెద్ద పని, పదేళ్ళ ముందు తలపెట్టి ఉంటే రాసేవాళ్ళే దొరికేవాళ్ళు కారు.

స్పెల్‌మన్ కళాశాల, ‘సేజ్’ పత్రిక

నల్లజాతి స్త్రీల ఉన్నతవిద్య కోసం 1881లో అట్లాంటాలో స్థాపితమైన స్పెల్‌మన్ కళాశాలలో, సరిగ్గా నూరేళ్ళకు, 1981లో స్త్రీల పరిశోధన కేంద్రం ఏర్పడింది. చారిత్రకంగా నల్లజాతి విద్యార్థుల కోసం నెలకొన్న విద్యాసంస్థల్లో ఇలాంటి కేంద్రం ఇదే మొదటిది. దాని వ్యవస్థాపక సంచాలకురాలు బెవర్లీ గై-షెఫ్టాల్, పట్రీషియా బెల్ స్కాట్‌తో కలిసి ప్రారంభించిన ‘సేజ్’ పత్రిక తొలి సంచిక 1984లో వచ్చింది. నల్లజాతి స్త్రీలకే ప్రత్యేకించిన పండిత పత్రిక అది. విశ్వవిద్యాలయంలో ఉద్యోగం స్థిరపడాలంటే సమీక్షకుల పరిశీలనకు నిలిచిన వ్యాసాలు కావాలి. తమ రంగం తెలిసిన సమీక్షకులు లేని పత్రికలు తమ వ్యాసాలను వెనక్కి పంపుతుంటే ఉద్యోగాలు నిలవవు. ‘సేజ్’ ఆ చిక్కుముడిని విప్పింది. తల్లులూ కూతుళ్ళూ, విద్య, ఆరోగ్యం వంటి విషయాలపై ప్రత్యేక సంచికలు తెస్తూ 1990ల మధ్య దాకా అది నడిచింది. 1995లో గై-షెఫ్టాల్ వెలువరించిన ‘వర్డ్స్ ఆఫ్ ఫైర్’ సంకలనం మరియా స్టూవర్ట్ మొదలుకొని తన కాలం దాకా నల్లజాతి స్త్రీవాద ఆలోచనను ఒకే పుస్తకంలో వరుసగా చదువుకునే వీలు కల్పించింది. ఒక్కొక్క తరం మొదటినుంచి మొదలుపెట్టే దుస్థితికి ఆ పుస్తకంతో తెరపడింది.

వుమనిజం, వేదాంతశాస్త్రం

1979లో ఒక కథలో తొలిసారి వాడి, 1983లో తన వ్యాససంపుటి ఆరంభంలో నాలుగు భాగాల నిర్వచనంగా విస్తరించి, ఆలిస్ వాకర్ ‘వుమనిస్ట్’ అనే పేరును ప్రతిపాదించింది. నల్లజాతి తల్లుల వాడుకభాషలోంచి వచ్చిన ఆ పేరు ధైర్యంగా, పెద్దరికంతో, బాధ్యతగా మెలిగే స్త్రీని, స్త్రీల సంస్కృతిని ప్రేమిస్తూనే స్త్రీ పురుషులు కలిసిన మొత్తం సమాజపు మనుగడకు కట్టుబడిన స్త్రీని సూచిస్తుంది. నైజీరియా విమర్శకురాలు చిక్వెన్యే ఒకోంజో ఒగున్యేమి, వాకర్‌తో సంబంధం లేకుండానే, ఆఫ్రికా రచయిత్రుల నవలల అధ్యయనం ద్వారా అదే పేరుకు చేరుకుని 1985లో తన వాదాన్ని ప్రకటించింది.

ఈ పేరు అన్నింటికన్నా గట్టిగా వేళ్ళూనుకున్నది క్రైస్తవ వేదాంతశాస్త్రంలో. న్యూయార్క్‌లోని యూనియన్ థియొలాజికల్ సెమినరీలో చదువుకున్న కేటీ జెనీవా కెనన్, జాక్వెలిన్ గ్రాంట్, డెలోరెస్ విలియమ్స్ ఈ ధారకు ఆద్యులు. నల్లజాతి విముక్తి వేదాంతం స్త్రీలను, స్త్రీవాద వేదాంతం నల్లవాళ్ళను పట్టించుకోలేదన్నది వాళ్ళ మౌలిక విమర్శ. ఉత్తర కరోలినాలోని బట్టలమిల్లుల పట్టణం కనాపోలిస్‌లో పుట్టి, 1974లో తన ప్రెస్బిటేరియన్ శాఖలో గురుత్వాభిషేకం పొందిన తొలి నల్లజాతి స్త్రీ అయిన కెనన్, 1988లో ప్రచురించిన ‘బ్లాక్ వుమనిస్ట్ ఎథిక్స్’ గ్రంథంలో నీతిశాస్త్రానికి ఆకరంగా హర్‌స్టన్ జీవితాన్ని, రచనలను తీసుకుంది. స్వేచ్ఛ, ఎంపిక చేతిలో ఉన్నవాళ్ళ కోసం రాసిన నీతిసూత్రాలు అవి రెండూ లేనివాళ్ళ బతుకుకు సరిపోవని, వాళ్ళు ఎలా నిలదొక్కుకున్నారో వాళ్ళ సాహిత్యమే చెబుతుందని ఆమె వాదించింది. పదిహేనేళ్ళ కిందట పేరులేని సమాధిగా ఉన్న రచయిత్రి, సెమినరీ తరగతిలో నీతిశాస్త్రానికి ప్రమాణంగా నిలిచింది.

విలియమ్స్ 1993లో ‘సిస్టర్స్ ఇన్ ది విల్డర్‌నెస్’ గ్రంథంలో ఆదికాండములోని హాగరు కథను కేంద్రంగా తీసుకుంది. యజమానురాలు శారా మాట మీద అబ్రాహాముకు బిడ్డను కని, ఆ తర్వాత బిడ్డతో సహా అరణ్యంలోకి వెళ్ళగొట్టబడిన ఐగుప్తు దాసి హాగరులో నల్లజాతి స్త్రీలు తరతరాలుగా తమను చూసుకున్నారని, ఆ కథలో దేవుడు ఆమెకు ఇచ్చింది తక్షణ విముక్తి కాదని, బతికి బట్టకట్టే దారిని చూపే శక్తి అని ఆమె విశ్లేషించింది. విముక్తి ఒక్కటే వేదాంతానికి కొలమానం అనుకునేవాళ్ళకు ఇది గట్టి సవాలు.

ఈ సమాజం ఏకాభిప్రాయంతో నడిచింది కాదు. వాకర్ నిర్వచనంలో స్త్రీల మధ్య ప్రేమకు చోటు ఉండటం వల్ల అది క్రైస్తవ నీతిశాస్త్రానికి తగిన పేరేనా అని షెరిల్ శాండర్స్ 1989లో ఒక పత్రికా చర్చలో ప్రశ్నిస్తే, కెనన్, ఎమిలీ టౌన్స్, బెల్ హుక్స్ తదితరులు అదే చర్చలో సమాధానాలు రాశారు. వుమనిస్ట్ అన్న పేరును కాదని నల్లజాతి స్త్రీవాదులమనే చెప్పుకున్నవాళ్ళు ఉన్నారు. 1987లో బర్క్‌లీ అధ్యాపకురాలు బార్బరా క్రిస్టియన్, విశ్వవిద్యాలయాల్లో పెరుగుతున్న జటిల సిద్ధాంతభాష వ్యామోహాన్ని విమర్శిస్తూ, నల్లజాతి స్త్రీలు కథల్లో, సామెతల్లో, పొడుపుల్లో ఎప్పుడూ సిద్ధాంతీకరిస్తూనే ఉన్నారని రాసింది. విభేదాన్ని అచ్చులో, పేరు పెట్టి, గౌరవంగా చెప్పుకోగలగడం ఆ సమాజం పరిణతికి నిదర్శనం.

న్యాయస్థానం నుంచి మహాసభ దాకా

1989లో న్యాయశాస్త్ర పండితురాలు కింబర్లే క్రెన్‌షా ప్రతిపాదించిన ‘ఇంటర్‌సెక్షనాలిటీ’ ఈ ధారలో ప్రపంచమంతటా వ్యాపించిన భావన. వేర్వేరు అణచివేతలు ఒకే మనిషి మీద కలిసే కూడలిని చూడనిదే అన్యాయం అర్థం కాదని దాని సారం. ఆమె పరిశీలించిన కేసుల్లో ఒకటి 1976 నాటి జనరల్ మోటార్స్ కేసు. ఆ కంపెనీ 1964కు ముందు నల్లజాతి స్త్రీలను పనిలోకి తీసుకోలేదు. తర్వాత మాంద్యం వచ్చినప్పుడు చివర చేరినవాళ్ళను మొదట తొలగించే సీనియారిటీ పద్ధతి వల్ల 1970 తర్వాత చేరిన నల్లజాతి స్త్రీలందరూ ఉద్యోగాలు కోల్పోయారు. అయిదుగురు స్త్రీలు దావా వేస్తే, కంపెనీ స్త్రీలను తీసుకుంటున్నది గనుక లింగవివక్ష లేదని, జాతివివక్ష వాదనను వేరే కేసులో చూసుకోవాలని, ఆ రెంటినీ కలిపి కొత్త వర్గాన్ని సృష్టించలేమని న్యాయస్థానం తేల్చింది. 1964కు ముందు కంపెనీ తీసుకున్న స్త్రీలు తెల్లవాళ్ళు. అప్పట్లో కంపెనీలో ఉన్న నల్లవాళ్ళు పురుషులు. క్రెన్‌షా ప్రతిపాదన వచ్చిన మరుసటి ఏడాది, 1990లో, పట్రీషియా హిల్ కాలిన్స్ ‘బ్లాక్ ఫెమినిస్ట్ థాట్’ గ్రంథంలో ఇళ్ళల్లో పనిచేసే ఆయాల నుంచి బ్లూస్ గాయనుల దాకా అందరినీ మేధావులుగా పరిగణిస్తూ ఈ ఆలోచనకు సమగ్ర రూపమిచ్చింది. తర్వాతి కాలంలో అమెరికన్ సామాజికశాస్త్ర సంఘానికి అధ్యక్షురాలైన తొలి నల్లజాతి స్త్రీ ఆమే.

1991లో సుప్రీంకోర్టు న్యాయమూర్తి పదవికి ప్రతిపాదితుడైన క్లారెన్స్ థామస్‌పై లైంగిక వేధింపుల ఆరోపణ చేసిన న్యాయాచార్యురాలు అనితా హిల్‌ను సెనేట్ కమిటీ అవమానించిన తీరు ఈ సమాజం బలాన్ని పరీక్షించింది. ఎల్సా బార్క్‌లీ బ్రౌన్, డెబొరా కింగ్, బార్బరా రాన్స్‌బీ పూనికతో 1,603 మంది నల్లజాతి స్త్రీలు తమ పేర్లతో, తమ డబ్బుతో నవంబరు 17న న్యూయార్క్ టైమ్స్‌లో పెద్ద ప్రకటన వేయించారు. వారాల వ్యవధిలో అంతమందిని కూడగట్టగలగడం ఇరవై ఏళ్ళ పరిచయాల ఫలం. 1994 జనవరిలో రాబిన్ కిల్సన్, ఎవలిన్ హామండ్స్ మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ఏర్పాటు చేసిన నల్లజాతి విద్యావంతురాళ్ళ మహాసభకు రెండువేల మందికి పైగా తరలివచ్చారు. సౌత్ హాడ్లీలో కాగితాలు వెంట తెచ్చుకున్న కొద్దిమందితో మొదలైన పని పదిహేడేళ్ళలో ఆ స్థాయికి చేరింది.

చెల్లించిన మూల్యం, తెలుగువారికి అందే పాఠం

ఈ నిర్మాణానికి మూల్యం కూడా పెద్దదే. ఆడ్రీ లార్డ్ 58 ఏళ్ళకు, టోనీ కేడ్ బంబారా 56 ఏళ్ళకు, బార్బరా క్రిస్టియన్ 56 ఏళ్ళకు క్యాన్సర్‌తో మరణించారు. శాఖలో ఒక్కరే అయిన నల్లజాతి స్త్రీ పాఠాలతో పాటు ప్రతి కమిటీ పనినీ, ప్రతి నల్లజాతి విద్యార్థి గోడునూ మోయవలసి రావడం గురించి ఆ తరం పదేపదే రాసింది. లార్డ్, బంబారాల పత్రాలు ఇప్పుడు స్పెల్‌మన్ పత్రాగారంలో ఉన్నాయి.

తెలుగు నేలతో ఈ చరిత్రకు ఉన్న బంధం సన్ననిదే అయినా నిజమైనది. హర్‌స్టన్ సంకలనాన్నీ, ‘సమ్ ఆఫ్ అజ్ ఆర్ బ్రేవ్’నూ ప్రచురించిన ఫెమినిస్ట్ ప్రెస్సే 1991, 1993లలో సూసీ తారు, కె. లలిత హైదరాబాదు కేంద్రంగా కూర్చిన భారతీయ రచయిత్రుల రెండు బృహత్ సంపుటాలను అమెరికాలో వెలువరించింది. ముద్దుపళని ‘రాధికా సాంత్వనం’ ఎదుర్కొన్న నిషేధాన్ని, ఆ కావ్యాన్ని మళ్ళీ వెలుగులోకి తేవడానికి బెంగళూరు నాగరత్నమ్మ పడిన శ్రమను ఆ సంపుటాలు ప్రపంచ పాఠకులకు తెలియజేశాయి. అంతకు ముందే, 1986లో, స్త్రీశక్తి సంఘటన తెలంగాణ సాయుధ పోరాటంలోని స్త్రీల మౌఖిక కథనాలను ‘మనకు తెలియని మన చరిత్ర’గా తెచ్చింది. స్త్రీవాదంలో కులం ఎక్కడ, దళిత ఉద్యమంలో స్త్రీ ఎక్కడ అన్న ప్రశ్నను తెలుగులో దళిత రచయిత్రులు తమ అనుభవం నుంచే లేవనెత్తారు. గోగు శ్యామల సంపాదకత్వంలో 2003లో వచ్చిన ‘నల్లపొద్దు’ సంకలనం దళిత స్త్రీల సాహిత్యాన్ని ఒక్కచోట చేర్చింది.

అమెరికా నల్లజాతి స్త్రీల చరిత్ర నిరూపించిన సత్యం ఒకటే: ఎంత బలమైన ఆలోచన అయినా దాన్ని ముద్రణలో ఉంచే ప్రచురణకర్త, పాఠంలో ఉంచే అధ్యాపకులు, కాగితాలను కాపాడే పత్రాగారం లేకపోతే ఒక తరం దాటి నిలవదు. ‘నల్లపొద్దు’ వంటి పుస్తకాలు ఎప్పుడూ అంగడిలో దొరికేలా చూడటం, వాటిని తెలుగు శాఖల పాఠ్యప్రణాళికల్లో చేర్చడం, ఊళ్ళలోని దళిత, ఆదివాసీ, ముస్లిం స్త్రీల ఉత్తరాలను, సంఘాల మినిట్స్ పుస్తకాలను, ఛాయాచిత్రాలను చెదలు పట్టకముందే సేకరించి భద్రపరచడం తెలుగు విశ్వవిద్యాలయాలు, గ్రంథాలయాలు, పాఠకులు కలిసి ఇప్పుడే చేయవలసిన పని.